గురక ఉన్నవారికి ఆపరేషన్: నిద్రలో, మత్తులో ఊపిరి దారిని కాపాడుకోవడం ఎలా?

ఆపరేషన్‌కు ముందు జరిగే చెకప్‌లో షుగర్ ఉందా, బీపీ ఉందా, ఏ మందైనా పడదా అని అడిగితే అందరూ ఠక్కున చెప్తారు. గురక సంగతి మాత్రం అడిగితే తప్ప ఎవరూ ఎత్తరు. అడిగినా "ఆ, కొంచెం పెడతాను లెండి" అని తేల్చేస్తారు. మత్తు డాక్టర్‌కు ఆ సమాచారం బీపీ అంకె కన్నా ఏమాత్రం తక్కువది కాదు. నిద్రలో మూసుకునే గొంతు మత్తులో ఇంకా సులువుగా మూసుకుంటుంది. పైగా నిద్రలో మనిషిని కాపాడే ఏర్పాటు ఒకటి మత్తులో పనిచేయదు. ఆ ఏర్పాటేమిటో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతటవే అర్థమవుతాయి. కాబట్టి ముందు అది చెప్పి, తర్వాత ఇంట్లో గమనించడం దగ్గర్నుంచి ఆపరేషన్ తర్వాతి రాత్రుల దాకా ఒక్కో అడుగూ చెప్తాను.

గొంతు ఎందుకు మూసుకుంటుంది

ముక్కుకు ఎముక, మృదులాస్థి ఆధారంగా ఉన్నాయి. స్వరపేటికకూ దాని కింది గాలిగొట్టానికీ మృదులాస్థి చట్రం ఉంది. ఈ రెండింటి నడుమ, కొండనాలుక వెనక నుంచి నాలుక మొదలు దాకా ఉన్న భాగానికి మాత్రం అలాంటి చట్రం లేదు. దాన్ని తెరిచి పట్టుకునేవి కండరాలే. కండరాలు పట్టు వదిలితే ఆ భాగం తడిసిన కాగితపు గొట్టంలా అయిపోతుంది, గట్టిగా పీల్చినకొద్దీ గోడలు దగ్గరికొచ్చి అతుక్కుంటాయి. ఈ కండరాల్లో ముఖ్యమైనది నాలుకను ముందుకు లాగి ఉంచే జీనియోగ్లోసస్. మెలకువలో మనం ఊపిరి పీల్చే ప్రతిసారీ అది బిగుసుకుని దారి తెరుస్తుంది.

నిద్ర పట్టగానే ఈ బిగువు తగ్గుతుంది. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ దశలో ఇంకా తగ్గుతుంది. దారి సన్నబడితే గాలి ఒరుసుకుంటూ పోయి మెత్తని అంగిలి అదురుతుంది, అదే గురక. పూర్తిగా మూసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అప్పుడు రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. మూసుకున్న గొంతుకు ఎదురు లాగి లాగి ఛాతీ కండరాలు శ్రమిస్తాయి. మెదడు ఇదంతా పసిగట్టి ఒక్క క్షణం నిద్ర చెదరగొడుతుంది. కండరాలు బిగుస్తాయి, పెద్ద శబ్దంతో గాలి లోపలికి వెళ్తుంది, మనిషి మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. పొద్దున్నకి ఇదేదీ గుర్తుండదు. రాత్రికి వందలసార్లు ఇలా జరగొచ్చు. ఇదే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా.

ఆ మెలకువే ప్రాణం నిలబెడుతోందని గుర్తించండి. ప్రోపోఫోల్ లాంటి మత్తుమందులు, మిడాజోలం లాంటి నిద్రమందులు గొంతు కండరాలను సడలించడంతో ఆగవు, ఈ మెలకువనే అణిచేస్తాయి. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటి ఓపియాయిడ్ నొప్పి మందులు ఊపిరి తీయమని మెదడు ఇచ్చే ఆజ్ఞనే బలహీనం చేస్తాయి. థియేటర్‌లో మత్తు డాక్టర్ తలవైపు నిలబడి ఉంటారు కాబట్టి అక్కడ భయం తక్కువ. నా దృష్టిలో ఎక్కువ ప్రమాదం ఆ తర్వాత ఉంది. వార్డులో లైట్లు ఆర్పాక, నొప్పి మందు పడ్డాక, "పాపం, ఇప్పుడే నిద్రపట్టింది, లేపకండి" అనుకునే సమయంలో.

మొదటి అడుగు: రాత్రి గమనించడం

ఇది పక్కన పడుకునేవారి పని. గురక పెట్టే మనిషి తన గురించి తాను చెప్పలేడు. గురక ఎంత పెద్దగా ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు, మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని గమనించాలి. గురక సాగుతూ సాగుతూ ఒక్కసారిగా ఆగిపోతుంది. గది ప్రశాంతమైనట్టు అనిపిస్తుంది. కానీ దుప్పటి కాస్త తొలగించి చూస్తే పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోతుంటుంది, అంటే ఊపిరి కోసం ప్రయత్నం జరుగుతోంది, గాలి మాత్రం వెళ్లడం లేదు. మెడ కింది గుంట ప్రతి ప్రయత్నానికీ లోపలికి గుంజుకుంటుంది. తర్వాత ఒక్క కుదుపుతో, గుటక పడ్డట్టో ఉక్కిరిబిక్కిరి అయినట్టో శబ్దంతో ఊపిరి తిరిగొస్తుంది. ఈ ఆగడం 10 సెకన్లు దాటితే వైద్యంలో దాన్ని ఆప్నియాగా లెక్కిస్తారు.

ఫోన్‌లో వీడియో తీయండి. తల నుంచి పొట్ట దాకా కనిపించేలా, నిద్రపట్టిన గంటా రెండు గంటల తర్వాత ఒకసారి, తెల్లవారుజామున ఇంకోసారి. రెమ్ నిద్ర తెల్లవారుజామునే ఎక్కువ కాబట్టి రెండో వీడియోలో అసలు సంగతి బయటపడే అవకాశం ఎక్కువ. వెల్లకిలా పడుకున్నప్పుడు ఎలా ఉంది, పక్కకు తిరిగినప్పుడు ఎలా ఉందో కూడా చూడండి. వెల్లకిలా పడుకుంటే నాలుక తన బరువుకే వెనక్కి జారుతుంది, చాలామందికి పక్కకు తిరిగితే సగం ఇబ్బంది తగ్గుతుంది.

పగటి లక్షణాలు కూడా రాసుకోండి: ఎంతసేపు పడుకున్నా తీరని బడలిక, పొద్దున్నే తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి పదే పదే మూత్రానికి లేవడం, బండి నడుపుతుంటే కునుకు రావడం. చివరిది ఉంటే మాత్రం ఆపరేషన్ సంగతి అలా ఉంచి, చికిత్స మొదలయ్యేదాకా బండి నడపడం మానండి.

రెండో అడుగు: ఎనిమిది ప్రశ్నలు

టొరంటోకు చెందిన మత్తు డాక్టర్ ఫ్రాన్సెస్ చుంగ్ బృందం 2008లో ప్రచురించిన స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళిని ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. ఇంట్లోనే వేసుకోవచ్చు. మూసిన తలుపు అవతలికి వినిపించేంత గురక ఉందా? పగలు అలసటగా, మత్తుగా ఉంటోందా? నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బీపీ ఉందా, దానికి మందు వాడుతున్నారా? బీఎంఐ (కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 35 దాటిందా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? పురుషులా? ప్రతి అవునుకూ ఒక మార్కు. 2 లేదా అంతకన్నా తక్కువ వస్తే ముప్పు తక్కువ, 3 లేదా 4 అయితే మధ్యస్థం, 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఎక్కువ.

మెడ కొలత తీసేటప్పుడు టేపు కంఠమణి దగ్గర, కాస్త దిగువగా చుట్టండి, బిగించి లాగకండి. మార్కులు తక్కువ వచ్చాయని పూర్తిగా నిశ్చింతగా ఉండనక్కర్లేదు. సన్నగా ఉన్నవారికి ఈ జబ్బు రాదనుకోవడం తప్పు. కింది దవడ చిన్నదిగా, వెనక్కి ఉన్నవారికీ, టాన్సిల్స్ పెద్దవైనవారికీ బరువు లేకపోయినా వస్తుంది. ఆడవాళ్లలో గురక కన్నా నిద్రలేమి, అలసట, తలనొప్పి ముందు కనిపించి అసలు జబ్బు దాగిపోవడం కూడా మామూలే. ఊపిరి ఆగడం మీరు కళ్లారా చూశారంటే, మొత్తం మార్కులు ఎన్నైనా సరే, నేనైతే దాన్ని పట్టించుకుంటాను.

మూడో అడుగు: నిద్ర పరీక్ష

అనుమానం బలపడితే స్లీప్ స్టడీ చేయించాలి. రెండు రకాలున్నాయి. ల్యాబ్‌లో రాత్రంతా పడుకోబెట్టి మెదడు తరంగాలు, కళ్ల కదలికలు, గాలి ప్రవాహం, ఛాతీ-పొట్ట కదలిక, ఆక్సిజన్ అన్నీ రికార్డు చేసేది ఒకటి. ఇంట్లో చిన్న పరికరం తగిలించుకుని పడుకునేది రెండోది. ఇతర జబ్బులేవీ లేకుండా లక్షణాలు స్పష్టంగా ఉన్నవారికి ఇంటి పరీక్ష సరిపోతుంది. గుండె జబ్బు, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, పక్షవాతం ఉన్నవారికి, ఓపియాయిడ్ మందులు వాడేవారికి ల్యాబ్ పరీక్షే మేలు.

రిపోర్టులో ముందు చూడాల్సింది ఏహెచ్ఐ. గంట నిద్రలో ఊపిరి ఆగినవీ బాగా తగ్గినవీ కలిపి ఎన్నిసార్లో ఆ అంకె చెప్తుంది. 5 నుంచి 15 దాకా స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. దాని పక్కనే ఆక్సిజన్ ఎంత కనిష్ఠానికి పడిందో కూడా చూడండి. మత్తు డాక్టర్‌కు ఆ అంకె కూడా అంతే ముఖ్యం. ఇంటి పరికరాల్లో చాలావాటికి మీరు నిజంగా ఎంతసేపు నిద్రపోయారో తెలియదు, రికార్డు చేసిన సమయం మొత్తంతో భాగిస్తాయి. అందుకే అసలు తీవ్రతను తక్కువ చేసి చూపే అవకాశం ఉంది. లక్షణాలు గట్టిగా ఉండి ఇంటి పరీక్షలో ఏమీ లేదని వస్తే, ల్యాబ్ పరీక్ష అడగండి.

నాలుగో అడుగు: సీప్యాప్‌కు అలవాటు పడటం

సిడ్నీకి చెందిన కాలిన్ సలివన్ 1981లో సీప్యాప్‌ను వైద్యలోకానికి చూపించారు. ఆలోచన చాలా సూటిగా ఉంటుంది: మూసుకునే గొంతులోకి మాస్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపుతూ ఉంటే గోడలు దగ్గరికి రాలేవు. మామూలుగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానమైన ఒత్తిడి వాడతారు. ఇది ఆక్సిజన్ యంత్రం కాదు, గదిలోని గాలినే పంపుతుంది.

పనిచేస్తుందనడంలో సందేహం లేదు. చాలామంది దాన్ని మొదటి వారంలోనే అటకెక్కించేస్తారు, అదే బాధ. అలా జరగకుండా ఉండాలంటే మొదటి రాత్రే ఎనిమిది గంటలు పెట్టుకోవాలని పట్టుబట్టకండి. ముందు పగటిపూట, కూర్చుని, యంత్రం ఆపి మాస్కు మాత్రం చేత్తో ముఖానికి ఆనించుకోండి. తర్వాత యంత్రం వేసి, టీవీ చూస్తూ అరగంట. ఆ తర్వాత మధ్యాహ్నం కునుకులో. అప్పుడు రాత్రి. మాస్కు పట్టీలు కూర్చుని బిగించి సరిపోయిందనుకుంటే పొరపాటు, పడుకున్నాక ముఖం ఆకారం కాస్త మారుతుంది కాబట్టి పడుకుని, యంత్రం నడుస్తుండగా సరిచేసుకోవాలి. గాలి కళ్లలోకి కొడుతోందంటే పైపట్టీ వదులైంది. ముక్కు మీద పుండు పడుతోందంటే మరీ బిగించారు, లేదా సైజు తప్పు. నోరు పిడచ కట్టుకుపోతే నోటి నుంచి గాలి పోతోందన్నమాట, గాలికి తేమ కలిపే హ్యుమిడిఫయర్ పెంచి చూడండి, తగ్గకపోతే నోటినీ కప్పే మాస్కుకు మారండి. ముక్కు దిబ్బడ ఉంటే దాన్ని ముందు తగ్గించాలి, లేకపోతే ఏ మాస్కూ కుదరదు.

మిగతా దారులు కొన్ని. బరువు తగ్గడం నిజంగా పనిచేస్తుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్లపాటు సాగిన అధ్యయనం 2000లో చెప్పిందేమిటంటే, బరువు 10 శాతం పెరిగితే ఏహెచ్ఐ దాదాపు 32 శాతం పెరుగుతుంది, 10 శాతం తగ్గితే 26 శాతం తగ్గుతుంది. కింది దవడను ముందుకు పట్టి ఉంచే పళ్ల పరికరం స్వల్ప, మధ్యస్థ దశల్లో ఉపయోగపడుతుంది. బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్న పెద్దలకు వాడేందుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో అనుమతించింది. రాత్రి మద్యం, డాక్టర్ చెప్పని నిద్రమాత్రలు మాత్రం పూర్తిగా మానాలి, రెండూ గొంతును సడలించేవే.

ఐదో అడుగు: మత్తు డాక్టర్‌కు చెప్పాల్సినవి

ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే, ఆ రోజు పొద్దున కాకుండా కనీసం కొన్ని రోజుల ముందు మత్తు డాక్టర్‌ను కలవండి. వీడియో, స్టాప్-బ్యాంగ్ మార్కులు, నిద్ర పరీక్ష రిపోర్టు, సీప్యాప్ ఒత్తిడి అంకె తీసుకెళ్లండి. గతంలో మత్తు ఇచ్చినప్పుడు ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేయడం కష్టమైందని ఎవరైనా చెప్పి ఉంటే అది తప్పకుండా చెప్పండి. పక్కన పడుకునేవారిని వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది.

ఆయన నోరు బాగా తెరిచి నాలుక బయటపెట్టమంటారు. "ఆ" అనమని అడగరు, మీరూ అనకండి, అంటే అంగిలి పైకి లేచి చూపు మారిపోతుంది. కొండనాలుక, అంగిలి ఎంతవరకు కనిపిస్తున్నాయో చూసి తరగతి నిర్ణయిస్తారు. 1985లో ఈ పరీక్షను అందించింది తెలుగువారైన మల్లంపాటి శేషగిరిరావు గారు. అందుకే ప్రపంచంలో ఏ మూల మత్తు డాక్టర్‌ను అడిగినా మల్లంపాటి అనే పేరు తెలుసు. దానితో పాటు మెడ ఎంత వెనక్కి వంగుతుందో, నోరు ఎన్ని వేళ్లు పట్టేంత తెరుచుకుంటుందో కూడా చూస్తారు.

మీరు అడగాల్సిన ప్రశ్నలు మూడు. వెన్నుకు మత్తు గానీ, నరాలకు మత్తు గానీ ఇచ్చి చేసే వీలుందా? నొప్పికి ఓపియాయిడ్ మందులు తగ్గించి పారాసిటమాల్, స్థానిక మత్తు, ఇతర మందులతో నడపవచ్చా? ఆపరేషన్ తర్వాత రాత్రి నన్ను ఎక్కడ ఉంచుతారు, ఊపిరిని ఎవరు గమనిస్తారు? మూడో ప్రశ్నకు స్పష్టమైన జవాబు వచ్చేదాకా అడగండి. ఇంటికి అదే రోజు పంపే ఆపరేషన్లలో ఇది ఇంకా ముఖ్యం.

పరీక్ష చేయించుకోలేదన్న ఒక్క కారణంతో ఆపరేషన్ వాయిదా వేయాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. ఆప్నియా ఉన్నట్టే భావించి జాగ్రత్తలు తీసుకుంటారు. అత్యవసర ఆపరేషన్‌ను దీనికోసం అస్సలు ఆపకూడదు. సీప్యాప్ ఉన్నవారు ఆపరేషన్‌కు ముందు రాత్రి దాకా వాడండి, యంత్రాన్నీ సొంత మాస్కునూ ఆసుపత్రికి వెంట తెచ్చుకోండి. టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ లాంటి బరువు తగ్గించే మందులు వాడుతుంటే చెప్పండి. అవి కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి, ఏమీ తినకపోయినా కడుపులో ఆహారం మిగిలి ఉండవచ్చు.

థియేటర్‌లో ఏం చేస్తారు

తెలిసి ఉంటే భయం తగ్గుతుంది కాబట్టి క్లుప్తంగా. తల, భుజాలు ఎత్తులో ఉండేలా పడుకోబెడతారు, చెవి రొమ్ము ఎముక పైకొనకు సమాన ఎత్తులోకి వచ్చేలా. మత్తు ఇచ్చేముందు మాస్కుతో దాదాపు 3 నిమిషాలు ఆక్సిజన్ పీల్చమంటారు. మాస్కు ముఖానికి గట్టిగా ఆనించి మామూలుగా ఊపిరి తీయండి. ఇది చాలా విలువైన సమయం. ఊపిరితిత్తులు ఆక్సిజన్‌తో నిండితే, ఊపిరి ఆగినా ఆరోగ్యవంతుడికి దాదాపు 8 నిమిషాల వ్యవధి దొరుకుతుంది. బాగా లావుగా ఉన్నవారికి అది 3 నిమిషాలకే పరిమితం కావచ్చు. చివర్లో కండరాల సడలింపు మందు ప్రభావం పూర్తిగా పోయిందని నిర్ధారించుకుని, పూర్తి మెలకువ వచ్చి, చెప్పిన మాట వింటున్నప్పుడే గొట్టం తీస్తారు. "కళ్లు తెరవండి, తల ఎత్తండి" అని పదే పదే అంటుంటే విసుక్కోకండి.

ఆరో అడుగు: ఆపరేషన్ తర్వాతి రాత్రులు

మొదటి 24 గంటల్లో ఓపియాయిడ్ మందుల వల్ల ఊపిరి మందగించే ప్రమాదం ఎక్కువ. అంతటితో అయిపోలేదు. ఆపరేషన్ రాత్రి రెమ్ నిద్ర తగ్గిపోయి, తర్వాతి రాత్రుల్లో బాకీ తీర్చుకున్నట్టు ఎక్కువగా వస్తుంది. అందుకే ఊపిరి ఆగడాలు మూడో రాత్రి ప్రాంతంలో మళ్లీ పెరుగుతాయి. అప్పటికి చాలామంది ఇంటికి వచ్చేసి ఉంటారు.

తల, ఛాతీ 30 డిగ్రీల ఎత్తులో ఉంచండి, లేదా డాక్టర్ ఒప్పుకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. సీప్యాప్ పగటి కునుకులో కూడా పెట్టాలి. నొప్పి మందుతో పాటు నిద్రమాత్ర కలపకండి. పల్స్ ఆక్సీమీటర్ పెట్టుకోండి, కానీ ఆక్సిజన్ ట్యూబు పెట్టి ఉన్నప్పుడు ఆ అంకెను ఒంటరిగా నమ్మకండి. ఆక్సిజన్ వల్ల అంకె బాగానే కనిపిస్తూ ఉంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతూ ఉంటుంది. దానికన్నా ఊపిరిని నిమిషం పాటు లెక్కపెట్టడం, మనిషిని పిలిచి చూడటం మెరుగు. నిమిషానికి 8 కన్నా తక్కువ ఊపిరులు, ఎప్పుడూ లేనంత బరువైన గురక, మాట మధ్యలోనే నిద్రలోకి జారిపోవడం, పెదాలు నీలమవడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే నర్సును పిలవండి, ఇంట్లో అయితే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి.

సాయం వచ్చేలోగా: గట్టిగా పేరుపెట్టి పిలుస్తూ భుజాలు కుదపండి. లేస్తే కూర్చోబెట్టి మాట్లాడిస్తూ ఉండండి. లేవకపోతే వెల్లకిలా ఉంచి తలవైపు చేరండి. రెండు చేతుల వేళ్లనూ చెవుల కింద, దవడ మలుపు వెనక పెట్టి దవడను పైకి, ముందుకు నెట్టండి. కింది పళ్లు పై పళ్లకన్నా ముందుకు రావాలి, అప్పుడు నాలుక మొదలు గొంతు వెనక గోడను వదులుతుంది. కొన్నిసార్లు గురక ఠక్కున ఆగి, గాలి ధారగా లోపలికి వెళ్లడం మీ బుగ్గకు తెలుస్తుంది. అలా పట్టుకునే ఉండండి. వదిలినా ఊపిరి బాగా ఆడుతుంటే పక్కకు తిప్పండి. ఊపిరే ఆడకపోతే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ ఊపిరి అందించడం) మొదలుపెట్టండి. ఓపియాయిడ్ ప్రభావానికి విరుగుడుగా నాలాక్సోన్ అనే మందుంది, ఆసుపత్రిలో అది వాడతారు.

పిల్లలైతే

పిల్లల్లో కారణం ఎక్కువగా టాన్సిల్స్, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే టాన్సిల్ లాంటి కణజాలం). నోరు తెరిచి పడుకోవడం, మెడ వెనక్కి విరిచి పడుకోవడం, పక్క తడపడం, పగలు మత్తుకు బదులు అల్లరి, చదువు మీద ధ్యాస లేకపోవడం గుర్తులు. పెద్దల కొలమానం వీరికి పనికిరాదు, పిల్లల్లో ఏహెచ్ఐ 1 దాటినా అసాధారణమే. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా 3 ఏళ్ల లోపు పిల్లలనూ తీవ్ర ఆప్నియా ఉన్నవారినీ ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచాలి. కోడీన్ ఇవ్వకూడదు. కొందరి శరీరం దాన్ని అతివేగంగా మార్ఫిన్‌గా మార్చేస్తుంది, ఆపరేషన్ తర్వాత పిల్లలు చనిపోయిన ఘటనలతో ఎఫ్‌డీఏ 2013లో గట్టి హెచ్చరిక ఇచ్చింది. 2017లో 12 ఏళ్ల లోపు పిల్లలకు కోడీన్, ట్రమడాల్ రెండూ వద్దంది, టాన్సిల్స్ తీసినప్పుడు 18 ఏళ్ల లోపు వారికి కూడా. చీటీలో మందు పేరు మీరే ఒకసారి చదవండి, దగ్గు సిరప్పుల్లోనూ కోడీన్ ఉంటుంది.

డిశ్చార్జి అయ్యేముందు

మత్తు ఎలా ఇచ్చారు, మాస్కుతో ఊపిరి అందించడం సులువైందా, గొట్టం వేయడానికి ఏ పరికరం వాడారు, రికవరీలో ఆక్సిజన్ పడిందా అన్నవి ఒక కాగితం మీద రాసివ్వమని అడగండి. కష్టమైందని చెప్తే ఆ మాట తప్పకుండా రాయించుకోండి. దాన్ని ఫోటో తీసి మీ ఫోన్‌లోనూ, మీవాళ్లలో ఒకరి ఫోన్‌లోనూ ఉంచండి, ఎందుకంటే తర్వాతి ఆపరేషన్ అత్యవసరంగా వస్తే ఈ సంగతులు మీరు చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు. అప్పటిదాకా నిద్ర పరీక్ష చేయించుకోనివారు, గాయం మానగానే దానికి తేదీ తీసుకోండి.